ముందు టైరును ఒక పక్కే తినేస్తున్నది ఏమిటి? అలైన్‌మెంట్ కంటే ముందు చూడాల్సినవి

క్లుప్తంగా: ముందు టైరు ఒక అంచున మాత్రమే అరిగితే చాలామంది నేరుగా అలైన్‌మెంట్, అంటే మెషీన్ మీద చక్రాల కోణాలను సరిచేయడం, చేయిస్తారు. ఆ మెషీన్ చక్రాల కోణాలను కొలిచేది కారు నిలబడి ఉన్నప్పుడు. టైరు అరిగేది మాత్రం కారు కదులుతున్నప్పుడు, బ్రేకు పడినప్పుడు, గుంతలో దిగి లేచినప్పుడు. చక్రాన్ని పట్టి ఉంచే బుష్ (రబ్బరు కీలు), బాల్ జాయింట్ (గుండు కీలు), టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు) లూజుగా ఉంటే మెషీన్ ఇచ్చే కాగితం మీద అంకెలన్నీ పచ్చగా, అంటే హద్దు లోపల, వచ్చినా అరుగుదల ఆగదు. అరుగుదల తీరు చదవడం, ఆ తర్వాత ప్లే (కీళ్లలో లూజు కదలిక) వెతకడం, చివరికి అలైన్‌మెంట్ చేయించడం అనేది సరైన వరుస.

ముందు చక్రాలకే ఈ బాధ ఎందుకు

స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ20, టియాగో లాంటి చిన్న కార్లన్నీ ఫ్రంట్ వీల్ డ్రైవ్. ఇంజిన్, గేర్‌బాక్స్ ముందే ఉంటాయి కాబట్టి ఖాళీ కారు బరువులో దాదాపు 60 శాతం ముందు చక్రాల మీదే పడుతుంది. కారును లాగేదీ, తిప్పేదీ అవే. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే పనిలో పెద్ద వాటా కూడా వాటిదే. అందువల్ల ముందు టైర్లు వెనక వాటికంటే త్వరగా అరగడం లోపం కాదు. సమానంగా అరిగినంత వరకు దానికి మందు రొటేషనే: 8 నుంచి 10 వేల కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చడం.

అనుమానించాల్సింది అరుగుదలలో తేడాను. కొత్త కారు టైరు గాడి లోతు సుమారు 7 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కార్లకు అది 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడుల్లో అడ్డంగా చిన్న దిమ్మల్లా కనిపించే రబ్బరు ఆ హద్దును చూపేందుకే. తీరా చూస్తే, బయటి అంచున 6, మధ్యలో 5.5 ఉన్న టైరుకు లోపలి అంచున 2 కూడా మిగలకపోవచ్చు. నిలబెట్టిన కారులో బయటి నుంచి చూసేవారికి ఆ లోపలి అంచు కనిపించదు. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి, వంగి చూస్తే తప్ప విషయం బయటపడదు. టైరు లోపలి దారాలు తేలాక, పంచర్ షాపులో చక్రం విప్పినప్పుడు గానీ చాలామందికి సంగతి తెలియకపోవడానికి కారణం ఇదే.

అరుగుదల తీరును చదవడం

గాలి వల్ల వచ్చే అరుగుదలను గుర్తించడం సులువు. గాలి ఎక్కువైతే మధ్యలో అరుగుతుంది, తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి. సరైన అంకె డ్రైవర్ డోర్ తీసినప్పుడు పిల్లర్ మీద కనిపించే స్టిక్కర్‌పై ఉంటుంది. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఉష్ణోగ్రత 5 నుంచి 6 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఖమ్మం రోడ్ల మీద గంట సేపు నడిపి వచ్చిన టైరులో గేజీ ఎక్కువ చూపిందని గాలి తీసేస్తే, తెల్లారేసరికి అది తక్కువ గాలి టైరవుతుంది.

ఒక అంచే నున్నగా, చేత్తో తడిమినా ఏ గరుకూ తగలకుండా అరిగితే అనుమానం క్యాంబర్ మీదికి పోతుంది. క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం నిట్టనిలువుగా కాకుండా ఎంత ఒరిగి ఉందనే కొలత. పై భాగం లోపలికి ఒరిగితే అది నెగటివ్. బరువు లోపలి అంచు మీద పడి అక్కడే అరుగుతుంది.

అరిగిన చోట గరుకు తగిలితే లెక్క వేరు. టో అంటే పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముందు భాగాలు లోపలికి చూస్తున్నాయా, బయటికి చూస్తున్నాయా అన్నది. లోపలికి చూస్తే టో ఇన్, బయటికి చూస్తే టో అవుట్. టో తప్పిన చక్రం తాను చూస్తున్న దిక్కుకు వెళ్లలేదు, ఎందుకంటే కారు నేరుగా పోతోంది. దాంతో చక్రం తిరుగుతూనే పక్కకు ఈడ్చుకుపోతుంది. ఒక చక్రం అర డిగ్రీ తప్పితే, కోణం లెక్క ప్రకారం ప్రతి కిలోమీటరుకు దాదాపు 8.7 మీటర్ల మేర పక్కకు ఈడ్చినట్టే. వెయ్యి కిలోమీటర్లకు అది 8.7 కిలోమీటర్లు. ఒక డిగ్రీ లోపు నెగటివ్ క్యాంబర్‌తో చాలా కార్లు ఏళ్ల తరబడి బాగానే నడుస్తాయి, కొన్నింటికి కంపెనీ ఇచ్చిన కొలతే అంత. టో అర డిగ్రీ తప్పితే మాత్రం కొత్త టైరు కూడా కొన్ని వేల కిలోమీటర్లకే పాడవుతుంది. టైర్లను ఎక్కువగా తినేది క్యాంబర్ కాదు, టోనే.

దీన్ని తెలుసుకోవడానికి మెషీన్ అక్కర్లేదు, అరచేయి చాలు. టైరు మీద చేతిని బయటి అంచు నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటికి అడ్డంగా పోనివ్వాలి. లోపలికి వెళ్లేటప్పుడు నున్నగా ఉండి, బయటికి వచ్చేటప్పుడు రబ్బరు అంచులు రంపపు పళ్లలా గుచ్చుకుంటే టో ఇన్ ఎక్కువైనట్టు. దానికి ఉల్టాగా ఉంటే టో అవుట్. టో ఇన్ బయటి అంచును, టో అవుట్ లోపలి అంచును తింటాయి. తీగలు తేలిన టైరు మీద మాత్రం ఇలా చేయి పెట్టకూడదు, చర్మం చీరుకుపోతుంది.

చుట్టుకొలత వెంట కాస్త దూరానికొకటి చొప్పున దొప్పల్లాంటి గుంటలు పడితే, ఆ చక్రం రోడ్డును అదిమి పట్టకుండా ఎగిరెగిరి పడుతోందన్నమాట. షాక్ అబ్జార్బర్ బలం తగ్గినప్పుడు, బ్యాలెన్సింగ్ బాగా తప్పినప్పుడు ఇలా జరుగుతుంది. ఈ టైరు చేసే హోరు వీల్ బేరింగ్ పోయినప్పటి శబ్దం లాగే ఉండడంతో అనవసరంగా బేరింగులు మార్పించుకున్నవాళ్లు ఉంటారు. రోడ్డు మారితే, అంటే సిమెంటు రోడ్డు మీంచి తారు రోడ్డుకు వస్తే, హోరు కూడా మారడం టైరు లక్షణం. నడుపుతూ కారును మెల్లగా కుడికీ ఎడమకీ ఊపితే హోరు పెరిగి తగ్గడం బేరింగ్ లక్షణం. అప్పటికీ తేలకపోతే టైర్లను ముందు నుంచి వెనక్కి మార్చి చూడాలి. టైరుతో పాటు శబ్దమూ వెనక్కి పోతే తప్పు బేరింగుది కాదు.

రెండూ అరిగాయా, ఒక్కటేనా

ముందు టైర్లు రెండూ అరిగాయా, ఒక్కటేనా అన్నదానికి ఉన్నంత విలువ నిర్ధారణలో మరి దేనికీ లేదు. వర్క్‌షాపుల్లో పట్టించుకోకుండా వదిలేసేదీ ఇదే.

ముందు చక్రాలు రెండూ స్టీరింగ్ ర్యాకుతో (స్టీరింగ్ తిప్పితే పక్కలకు జరిగే అడ్డ కడ్డీ) ముడిపడి ఉంటాయి. గుంతలో పడి ఎడమ టై రాడ్ (ర్యాకును చక్రంతో కలిపే కడ్డీ) కాస్త వంగిందనుకుందాం. అప్పుడు తప్పు దిక్కు చూసేది ఎడమ చక్రం ఒక్కటే. కానీ కారు నేరుగా పోవాలి కాబట్టి డ్రైవరు తనకు తెలియకుండానే స్టీరింగును రవ్వంత తిప్పి పట్టుకుంటాడు. ఆ తిప్పడంతో తప్పులో సగం కుడి చక్రానికి చేరుతుంది. ఫలితంగా దెబ్బ తగిలింది ఎడమ పక్కన అయినా రెండు టైర్లూ ఒకే తీరున అరుగుతాయి, నేరుగా పోతున్నప్పుడు స్టీరింగ్ మాత్రం వంకరగా నిలబడుతుంది. రెండు ముందు టైర్ల లోపలి అంచులూ పోయి, స్టీరింగ్ వంకరగా ఉంటే అది టో సమస్య.

క్యాంబర్‌కు అలాంటి పంపకం లేదు. ఎడమ స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసి ఉండే నిలువు భాగం) వంగితే ఎడమ టైరే అరుగుతుంది. కాబట్టి ఒక్క టైరులోనే, ఒక్క అంచే, నున్నగా పోతే ఆ మూలన వంగిందేదో, కుంగిందేదో, లూజైందేదో వెతకాలి. స్ట్రట్, దాన్ని చక్రంతో కలిపే నకిల్, చక్రాన్ని కారు అడుగు భాగానికి కలిపే లోయర్ ఆర్మ్, స్ప్రింగ్, స్ట్రట్ పై మౌంట్ ఆ జాబితాలో ఉంటాయి. అయితే ఒక చిక్కుంది. ఈ కార్లలో ఎక్కువగా వాడే మెక్‌ఫర్సన్ స్ట్రట్ అమరికలో క్యాంబర్ మారితే టో కూడా దాంతో పాటు కదులుతుంది. అందుకే గట్టి గుంత దెబ్బ తిన్న కారులో రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తాయి: రెండు టైర్లకూ గరుకు, ఒకదానికి మరీ ఎక్కువ అరుగుదల.

శబ్దం చేసేది ఒకటి, టైరు తినేది మరొకటి

చిన్న చిన్న గతుకుల మీద ముందు నుంచి టకటకమని శబ్దం వస్తే, ఆ కారుకే టైరు కూడా అరుగుతుంటే, రెండింటికీ ఒకే కారణమని అనుకోవడం సహజం. చాలాసార్లు అది తప్పు.

ఆ టకటకకు ఎక్కువగా కారణమయ్యేది స్టెబిలైజర్ లింక్ రాడ్, అంటే మలుపుల్లో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ చివర ఉండే చిన్న రాడ్. చవకైన భాగం, త్వరగా పోతుంది, శబ్దం మాత్రం భయపెట్టేలా చేస్తుంది. చక్రం ఎటు చూడాలో నిర్ణయించడంలో దానికి పాత్ర లేదు, కాబట్టి అది టైరును తినదు. మరోవైపు వంగిన టై రాడ్‌కు శబ్దమే ఉండదు. వంగిన స్ట్రట్ కూడా అంతే. శబ్దం పోయిందన్న ధీమాతో బయటికి వచ్చిన కారు రెండు నెలల్లో మళ్లీ టైరు తినేసి రావడానికి కారణం ఈ తికమకే.

శబ్దమూ చేసి టైరునూ తినేవి కొన్ని ఉన్నాయి. అరిగిన టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ ఆ కోవలోకి వస్తాయి. బాల్ జాయింట్ విషయంలో టైరు సంగతి తర్వాత. అది పూర్తిగా ఊడితే చక్రం ఒరిగిపోయి కారు అక్కడికక్కడే కూలబడుతుంది. దానిలో ప్లే కనిపిస్తే వాయిదా వేయడానికి లేదు.

బుష్ చేసే మోసం

లోయర్ ఆర్మ్‌ను కారు అడుగు భాగానికి కలిపేచోట రబ్బరు బుష్‌లు ఉంటాయి. సాధారణంగా ముందున్న బుష్ పక్క నుంచి వచ్చే బలాన్ని, వెనకున్న పెద్ద బుష్ ముందు వెనకల తాకిడిని తట్టుకుంటాయి. బ్రేకు వేసినప్పుడు రోడ్డు చక్రాన్ని వెనక్కి నెడుతుంది. బుష్ బాగుంటే ఆర్మ్ కదలిక చాలా తక్కువ. రబ్బరు చీలిపోతే ఆర్మ్ కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. టై రాడ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాంతో బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం చూసే దిక్కు మారుతుంది. బ్రేకు వదలగానే మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది.

అలైన్‌మెంట్ ర్యాంపు మీద కారు కదలకుండా ఉంటుంది. బ్రేకు బలం లేదు, గుంత లేదు, మలుపు లేదు. చీలిన బుష్ తన మామూలు చోటులోనే కూర్చుని ఉంటుంది కాబట్టి మెషీన్ అంతా సవ్యంగా ఉందని చూపుతుంది. అంకె అబద్ధం కాదు, ఆ క్షణానికి నిజమే. నగరంలో సిగ్నల్ సిగ్నల్‌కూ బ్రేకు వేస్తూ నడిచే కారులో మాత్రం చక్రం రోజంతా మరో కోణంలో పనిచేస్తుంటుంది. బ్రేకు వేసినప్పుడు ఒకసారి, వదిలి కదిలినప్పుడు ఒకసారి ‘టక్’మని వినిపించడం, గట్టిగా బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగడం దీని గుర్తులు.

బుష్ మార్పించాక కూడా కొద్ది నెలలకే మళ్లీ చీలిపోతే విడిభాగం నకిలీదని నింద పడుతుంది. అది నిజమూ కావచ్చు. కానీ బిగించే పద్ధతిలో జరిగే ఒక పొరపాటు చాలా మామూలు. ఈ బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది, బోల్టు బిగించగానే ఆ గొట్టం ఉన్నచోటే స్థిరపడుతుంది. కారు ఎత్తి, చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బోల్టు పూర్తిగా బిగిస్తే రబ్బరు ఆ స్థితినే తన సహజ స్థితిగా తీసుకుంటుంది. కారు నేల మీదికి దిగగానే ఆర్మ్ పైకి లేచి, రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉంటుంది. బోల్టులను ముందు వదులుగా పెట్టి, బరువంతా చక్రాల మీదికి వచ్చాక చివరి బిగింపు చేయాలి. మెకానిక్ ఈ ఒక్క పని ఎలా చేస్తున్నాడో చూస్తే పనితనం తెలిసిపోతుంది.

జాకీ మీద చూసే పరీక్ష

కారును జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాక, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదలిక ఉంటే అది వీల్ బేరింగో బాల్ జాయింటో అయి ఉండాలి. రెండింటిని విడదీయడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపితే, కదలిక మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. తర్వాత చక్రాన్ని కుడి ఎడమల పట్టుకుని ఊపాలి. అక్కడ ప్లే ఉంటే టై రాడ్ ఎండ్, లేదా ర్యాకు లోపలి జాయింట్. ఊపుతూ టై రాడ్ ఎండ్ మీద వేలు ఆనించి ఉంచితే కంటికి కనిపించని కదలిక కూడా వేలికి తెలుస్తుంది. బుష్‌ల విషయంలో చేతి బలం చాలదు, ప్రై బార్‌తో (మీటలా వాడే ఇనుప కడ్డీ) ఆర్మ్‌ను నెట్టి చూడాలి.

షాక్ అబ్జార్బర్‌కు బానెట్ మూలన నొక్కి వదిలే పాత పరీక్ష ఇప్పటికీ నడుస్తోంది. రెండు మూడు సార్లు ఊగితే పోయినట్టే, కానీ ఊగనంత మాత్రాన బాగుందని చెప్పలేం. పలచటి తడి పొర ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. నూనె కారి మట్టి ముద్దలా పట్టి ఉంటే మాత్రం మార్చాల్సిందే, అదీ జతగా.

అలైన్‌మెంట్ కాగితంలో ఏముంటుంది

సర్దుబాటు చేశాక వచ్చిన కాగితం కంటే, చేయకముందు తీసిన రీడింగే విలువైనది. టైరును తిన్న కోణం అందులోనే ఉంటుంది. చాలా షాపుల్లో అడిగితే తప్ప ఆ కాగితం ఇవ్వరు. కోణాలు డిగ్రీలు, నిమిషాల్లో ఉంటాయి, 30 నిమిషాలంటే అర డిగ్రీ.

మొదట చూడాల్సింది ఎడమ కుడిల తేడా. క్యాంబర్ ఎడమన మైనస్ 30 నిమిషాలు, కుడిన మైనస్ 1 డిగ్రీ 45 నిమిషాలు ఉంటే కుడి పక్కన ఏదో జరిగింది. ఒక పక్క ఎంత తగ్గిందో మరో పక్క అంతే పెరిగి ఉంటే ఏదీ వంగకపోవచ్చు, కింది క్రాస్ మెంబర్ (లోయర్ ఆర్మ్‌లను బిగించే అడ్డ దూలం) మొత్తంగా పక్కకు జరిగి ఉండవచ్చు. క్లచ్ పని కోసమో గేర్‌బాక్స్ పని కోసమో దాన్ని దించి, మళ్లీ బిగించిన కార్లలో ఇది చూసుకోవాలి. క్యాస్టర్ అనే మూడో కోణం (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు పక్క నుంచి చూస్తే ఎంత వాలి ఉందన్నది) టైరును పెద్దగా అరగదీయదు, రెండు వైపులా తేడా ఉంటే మాత్రం తక్కువ ఉన్న పక్కకు కారు లాగుతుంది. ఇక్కడే మరో సంగతి. మన రోడ్లు నీరు పోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటాయి, మనం నడిపేది ఎడమ పక్కన. స్టీరింగ్ వదిలితే కారు మెల్లగా ఎడమకు జరగడం రోగం కాదు.

చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు భాగంలో కంపెనీ ఇచ్చిన సర్దుబాటు టో ఒక్కటే. క్యాంబర్ ఎర్రగా వస్తే కొన్ని షాపుల్లో ‘క్యాంబర్ కరెక్షన్’ పేరుతో హైడ్రాలిక్ సాధనం పెట్టి స్ట్రట్‌నో నకిల్‌నో వంచి అంకెను పచ్చగా మారుస్తారు. అంకె మారుతుంది, కారణం మారదు. వంగింది లోయర్ ఆర్మ్ అయితే, ఈ పద్ధతిలో బాగున్న స్ట్రట్ కూడా వంగినట్టే. స్ట్రట్‌ను నకిల్‌కు బిగించే రెండు బోల్టుల రంధ్రాల్లో కొన్ని కార్లకు కాస్త వెసులుబాటు ఉంటుంది, వాటిని వదులు చేసి సర్దడం వేరు. ఆ రెంటిలో ఏది చేస్తున్నారో డబ్బు కట్టే ముందే అడగవచ్చు.

మరో రెండు విషయాలు మెషీన్ ఎక్కించే ముందే అయిపోవాలి: నాలుగు టైర్లలో సరైన గాలి, డిక్కీలో సామాను ఖాళీ. పని అయ్యాక స్టీరింగ్ నేరుగా లేకపోతే అది సగం పనే. ఈఎస్‌సీ (కారు జారి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న కార్లలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను కూడా తిరిగి సరిచేయాల్సి రావచ్చు.

కారులో లోపం లేకపోయినా

నడిచే దారి కూడా టైరు మీద ముద్ర వేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు బరువు బయటి పక్క చక్రం మీద, ఆ చక్రపు బయటి అంచు మీద పడుతుంది. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డులో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఆ కొండ మీద రోజూ తిరిగే ట్యాక్సీల ముందు టైర్ల బయటి అంచులు గుండ్రంగా అరిగితే అలైన్‌మెంట్‌ను తప్పుపట్టలేం. శ్రీశైలం, అరకు దారులదీ ఇదే కథ. అక్కడ రొటేషన్ గడువు తగ్గించుకోవడం ఒక్కటే మార్గం.

స్పీడ్ బ్రేకర్ల విషయంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా. ఊరి మొదట్లో రాత్రికి రాత్రి వెలిసే సిమెంటు గట్లకూ ఆ కొలతకూ సంబంధం ఉండదు. వాటిని బ్రేకు తొక్కిపట్టి దాటితే దెబ్బ ఎక్కువ, ఎందుకంటే ముందు స్ప్రింగులు అప్పటికే సగం కుంగి ఉంటాయి. గట్టుకు ముందే వేగం తగ్గించి, చక్రం ఎక్కే సమయానికి బ్రేకు వదిలేస్తే స్ట్రట్ పూర్తిగా పనిచేయడానికి చోటు దొరుకుతుంది.

సరిచేశాక పాత టైరు సంగతి

లోపం సరిచేసినా అరిగిన టైరు మునుపటి ఆకారానికి రాదు. రంపపు పళ్లలా అరిగినది కొన్ని వందల కిలోమీటర్ల పాటు హోరెత్తుతూనే ఉంటుంది. పని సరిగా జరగలేదని అప్పుడే తేల్చకుండా, అంచుల్లో, మధ్యలో గాడి లోతు రాసిపెట్టుకుని రెండు వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ కొలిస్తే తేలిపోతుంది. మూడు చోట్లా ఇంచుమించు సమానంగా తగ్గి ఉంటే కారణం దొరికినట్టే. లోపలి అంచే మళ్లీ ఎక్కువ తగ్గితే ఎక్కడో ప్లే మిగిలి ఉంది.

లోపలి అంచున 1.6 కంటే తక్కువ ఉంటే, మిగతా టైరు ఎంత బాగున్నా దాన్ని తీసేయాల్సిందే. రెండే కొత్త టైర్లు కొంటున్నప్పుడు వాటిని ముందు వేయించడం మన దగ్గర అలవాటు. టైరు కంపెనీలు సాధారణంగా చెప్పేది మాత్రం కొత్త జత వెనక వేయమని. నీళ్లు నిలిచిన రోడ్డు మీద ముందు చక్రాలు జారితే డ్రైవరుకు స్టీరింగులో వెంటనే తెలుస్తుంది, వేగం తగ్గిస్తే పట్టు తిరిగి వస్తుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం చాలామంది డ్రైవర్లకు చేతకాదు.